గ్రీసు చూడ్డానికి సంగారెడ్డి వెళ్ళాను

మా తెనాలిలో ఎవరైనా దూరప్రయాణం చేసొస్తే కాశీ అంటారు, రామేశ్వరం అంటారు. నేను తొంభైల మొదట్లో ఒక మాఘమాసంలో గ్రీసు దేశం చూద్దామని బయలుదేరి సంగారెడ్డి వెళ్ళొచ్చాను. ఈ మాట చెబితే మా ప్రెస్సులో కంపోజిటర్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, వాళ్ళెవరూ అక్కడికి వెళ్ళలేదు. ఒక పాత దుకాణం ఉంటుందా మూతపడుతుందా అన్నది ఒక బాయిలరు మేస్త్రీ నోటిమాట మీద వేలాడిన సంగతి వాళ్ళకేం తెలుసు?

నాది ప్రూఫులు దిద్దే పని. ఆ ఏడాది మాటల పుట్టుపూర్వోత్తరాల మీద ఒక లావుపాటి పుస్తకం మా ప్రెస్సుకొచ్చింది. దిద్దుతూ దిద్దుతూ నాకు గ్రీకు పిచ్చి పట్టుకుంది. కేంద్రం గ్రీకు మాటట. సొరంగమూ అక్కడిదేనంటారు. జాతకాల్లో హోర అక్కడిదే. నేను రోజూ చేత్తో పట్టుకునే కలం కూడా అక్కడ రెల్లుపుల్లగా పుట్టి, అరబ్బుల చేతుల్లోంచి ఫారసీ, ఉర్దూ దాటి మన జేబుల్లోకొచ్చిందట. అవన్నీ అరువు మాటలు. సంస్కృతంతో గ్రీకుకు ఉన్నది అరువు కాదు, రక్తసంబంధం. ఇద్దరూ ఒక తాత మనవలు. ఆ వంశంలో కూడా గ్రీకుకు సొంత అక్కచెల్లెళ్ళు లేరు, అది ఒంటి బిడ్డ. అర్మేనియన్ దగ్గరి చుట్టమని కొందరు పండితులు అంటారు, కాదని కొందరు అంటారు. మన తెలుగుది అసలు వేరే ఇల్లు. తెలుగుకూ గ్రీకుకూ ఏమైనా ఉంటే గోడ మీంచి కూరగిన్నెలు అందించుకునే సంబంధమే.

ఇవన్నీ కలలోకి కూడా వస్తున్న రోజుల్లో సంగారెడ్డి పక్కన పోతిరెడ్డిపల్లి నుంచి మా చెల్లెలు ఉత్తరం రాసింది. "అక్కా, మీ మరిది ఫ్యాక్టరీకి మిషను బిగించడానికి ఒక గ్రీసు దేశస్థుడు వచ్చాడు. సోమవారం వెళ్ళిపోతాడట. నీ పిచ్చి కుదురుతుందేమో వచ్చి చూసుకో" అని. మర్నాడే రైలెక్కాను.

పటాన్‌చెరువు

తెల్లవారేసరికి పొగమంచులో దిగాను. అది మంచో ఫ్యాక్టరీల పొగో నాకు తెలియలేదు. ముక్కుకు ఒకసారి మందుల వాసన, ఒకసారి కుళ్ళిన కోడిగుడ్డు వాసన, అంతలోనే ఎక్కడినుంచో వేడి రొట్టెల వాసన. సైరన్లు ఒకదాని తర్వాత ఒకటి మోగాయి. మంచులోంచి సైకిళ్ళు వచ్చి మళ్ళీ మంచులోకే పోతున్నాయి. బీహారు వాళ్ళు, ఒరియా వాళ్ళు, పక్క ఊళ్ళ వాళ్ళు టిఫిను డబ్బాలతో నడుస్తున్నారు. నిద్ర సగమే వదిలిన కళ్ళకు అదంతా నీళ్ళలో కనిపించే ఊరులా ఉంది.

టీ రూపాయి. మా ఊళ్ళో పొగలు కక్కే కాఫీ తాగి పెరిగిన నాలుకకు ఆ చిక్కటి తీపి టీ పాయసంలా తగిలింది. అందులో బిస్కెట్టు ముంచుకోవాలని హోటలాయన నేర్పాడు. ముంచి మూడు లెక్కపెట్టేలోగా తీసేయాలట. నేను ఐదు లెక్కపెట్టాను, బిస్కెట్టు గ్లాసు అడుక్కు చేరింది.

ఆ తర్వాత ఇంకో ఘనకార్యం. సంగారెడ్డి వైపు వెళ్ళేదే అనుకుని నిలబడి ఉన్న బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాను. మెలకువొచ్చేసరికి ఒక పెద్ద గేటు లోపలున్నాను. చుట్టూ నీలం చొక్కాలు. అది షిఫ్టు బస్సట.

వాచ్‌మన్ నన్ను పైకీ కిందికీ చూసి, "ఏందమ్మా, నీదే డిపార్ట్‌మెంటు?" అన్నాడు.

"ప్రూఫ్ రీడింగు" అన్నాను, నిద్రమత్తులో.

"గసొంటిది ఈడ లేదమ్మా" అని ఎంతో మర్యాదగా బయట దాకా దిగబెట్టాడు.

అమీన్‌పూర్ చెరువుగట్టు

మర్నాడు శనివారం. మధ్యాహ్నం మా మరిది ప్రసాదు సగం పూట సెలవు పెట్టి నన్ను అమీన్‌పూర్ తీసుకెళ్ళాడు. ఆ గ్రీసు ఆయన పేరు నికోస్. బస అక్కడికి దగ్గర్లోనే. సెలవు దొరికితే చెరువుగట్టున కూర్చుంటాడట. సముద్రం పక్క పుట్టినవాడు, ఎక్కడ నీళ్ళుంటే అక్కడికి పోతాడని మా మరిది చెప్పాడు.

నేను తెల్లటి బొమ్మలాంటి మనిషిని ఊహించుకున్నాను. అరవైకి దగ్గర పడుతున్న బట్టతల మనిషి, గోళ్ళలో గ్రీజుతో, తుండుగుడ్డ పరుచుకుని కూర్చుని ఉన్నాడు. మా బకింగ్‌హాం కాలవ మీద పడవలు నడిపే సరంగులు గుర్తొచ్చారు. ఇంగ్లీషు ఆయనకూ అంతంతే, నాకూ అంతంతే. అందుకే మా మాటలు బాగా సాగాయి.

నీళ్ళ మీద బాతులు వరసగా పోతుంటే ఆయన తన భాషలో లెక్కపెట్టాడు. ఎన, ధియో, త్రియా, తెస్సెరా, పెందే, ఎక్సి, ఎఫ్తా, ఓఖ్తో, ఎన్నియా, ధెకా. నేను ఇటునుంచి ఏకం, ద్వి, త్రి అందుకున్నాను. సప్త దగ్గర, అష్ట దగ్గర, దశ దగ్గర ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పుస్తకంలో వందసార్లు దిద్దిన సంగతే అది. అయినా బతికున్న మనిషి నోట విన్నప్పుడు ఒళ్ళు జలదరించింది. మన ఒకటి రెండు మూడు కూడా చెప్పి చూశాను. అవి ఆ పంక్తిలో కూర్చోలేదు. పిలవని పేరంటానికి పోయినట్టయింది నాకు.

ఎండ వాలేదాకా కూర్చున్నాం. ఆయన పొట్ట పట్టుకుని అటూ ఇటూ కదులుతున్నాడు.

"కారం పడలేదు వదినగారూ, రెండు నెలలుగా పెరుగన్నమే. ఇంగ్లీషు మాత్రలు ఎన్ని మింగినా తగ్గలేదు" అని ప్రసాదు చెప్పాడు.

సంగారెడ్డి బజారు

ఆ సాయంత్రమే సంగారెడ్డిలో దిగాం. బస్సు కుదుపులకు నా మోకాళ్ళు పట్టేశాయి. బజారులో ఒక పాత మిద్దె కింద "యునానీ దవాఖానా" అని ఉర్దూలోనూ తెలుగులోనూ రాసిన రేకు బోర్డు కనిపించింది. యునానీ అంటే గ్రీకు అని కొత్తగా తెలుసుకున్నదాన్ని కదా, కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

లోపల నేల నుంచి కప్పు దాకా చిన్న చిన్న సొరుగుల అల్మారీ. ఎదురుగా తెల్లగడ్డం, ఇస్త్రీ షేర్వాణీ, కళ్ళకు సుర్మా పెట్టుకున్న పెద్దాయన కూర్చున్నాడు. అందరూ ఆయన్ని హకీం సాబ్ అనే పిలుస్తారు. గడప దగ్గర ఇంద్రేశం ఊరి నుంచి వేళ్ళూ ఆకులూ తెచ్చే సాయమ్మ అనే ముసలామె మూట విప్పుతోంది.

"చెలకల్ల రాళ్ళు పాతిండ్రు సాబ్, ప్లాట్లంట. నేలవేము యాడ దొర్కుతది ఇగ?" అని ఆమె గొణుగుతోంది.

నేను మోకాళ్ళ సంగతి మొదలుపెట్టబోతే హకీం సాబ్ చెయ్యెత్తి ఆపాడు. అక్కడ రోగి తన నొప్పి చెప్పకూడదట. నాడి పట్టి హకీమే చెప్పాలి. మా ఊరి డాక్టరైతే నేను చెప్పింది కూడా వినడు. ఆయన మూడు వేళ్ళు నా మణికట్టు మీద వేసి, కళ్ళు మూసుకుని, చాలాసేపు ఊరుకున్నాడు. నాకు నిద్ర ముంచుకొచ్చింది.

"మోకాళ్ళు బస్సు తోటి వచ్చినయి, బస్సు తోటే పోతయి. నీకు కండ్లకు పని జాస్తి ఉన్నదమ్మా. సన్న అచ్చరాలు సూస్తవు. నిద్రల గూడ అవే సూస్తవు" అన్నాడు.

నిర్ఘాంతపోయాను. గ్రీకు పిచ్చీ, చెరువుగట్టు సంగతీ అన్నీ చెప్పేశాను. నికోస్ మాట వినగానే ఆయన చేతిలో పొట్లం ఆగిపోయింది.

"యునాను మనిషా? పటాన్‌చెరుల ఉన్నడా?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆయన కొడుకు ఖాజా ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోతాడు. దవాఖానాకు మనుషులు రావడం తగ్గిపోయింది. అల్మారీలు పీకించి ఇంగ్లీషు మందుల షాపు పెడతానని ఏడాదిగా పోరుతున్నాడు. సోమవారం వడ్లాయన వస్తాడు, వడ్రంగిని అక్కడ అలాగే అంటారు.

"నా బాధ దుకాణం గురించి గాదమ్మా" అన్నాడు హకీం సాబ్. "పుట్టినకాంచి గా యునానీ మందుల పేర్లే సదివిన. గారీఖూన్, అఫ్తీమూన్, ఉస్తుఖుద్దూస్. యునాను మనిషిని మాత్రం ఒక్కన్ని గూడ సూడలే. ఖాజా నవ్వుతడు, ఏ యునాను అబ్బా, యాడి యునాను అని. గా పేర్లు నిజంగ ఆ దేశంల ఉన్నయా, మా తాతలు ఉత్తగనే గొణిగిండ్రా? గింత వయసుల నాకు షక్ పట్టుకున్నది."

"ఉన్నాయనే పుస్తకాలు చెబుతున్నాయి హకీం సాబ్" అన్నాను.

"కితాబులు నా కాడ గూడ ఉన్నయి. మనిషి చెప్పాలె." అప్పుడే లోపలికొచ్చిన ఖాజా వైపు తిరిగాడు. "బేటా, యిను. గాయనకు మన పేర్లు ఒక్కటన్న తెలిసిందంటె అల్మారీలు ఉంటయి. ఒక్కటి గూడ తెల్వదంటె వడ్లాయనకు నేనే తలుపు తీస్త. జబాన్ ఇస్తున్న, నా మాట గిదే."

ఖాజాకు ముప్పై అయిదేళ్ళుంటాయి. తండ్రి వైపు చూడకుండా, "సరే అబ్బా, జబాన్ అంటె జబాన్" అన్నాడు. కోపంకంటే అలసటే ఎక్కువ కనిపించింది ఆ గొంతులో. సాయమ్మ మూట కట్టుకుంటూ, "మంచిగ జూదమాడుతుండ్రు తండ్రి కొడుకులు" అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మా చెల్లెలింట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు. చింతపండు కాచకుండా పులుసేమిటని మా ఊళ్ళో అయితే ముక్కు విరిచేదాన్ని. రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఆదివారం, దవాఖానాలో

మధ్యాహ్నం ప్రసాదు నికోస్‌ని స్కూటరు మీద తీసుకొచ్చాడు. హకీం సాబ్ అత్తరు పూసుకుని గడప దగ్గర నిలబడి ఉన్నాడు. స్కూటరు దిగిన బట్టతలనూ మాసిన ప్యాంటునూ చూసి ఆయన మొహం ఒక్క క్షణం పడిపోయింది. ఏ గడ్డపాయననో, చేతికర్ర పట్టుకున్న ఋషినో అనుకున్నాడు పాపం. నేనూ అలాగే పొరబడ్డాను కనుక నవ్వలేదు.

ఖాజా టీ, చక్కెర గిన్నె ఉన్న పళ్ళెం తెచ్చిపెట్టాడు. హకీం సాబ్ పాత నోటుపుస్తకం తీశాడు. దాన్ని బయాజ్ అంటారట, వంశంలో పరీక్షకు నిలిచిన మందులన్నీ అందులో ఉంటాయి. శిష్యుడు కానివాడి ముందు తెరవకూడదు. తెరిచినా ప్రతి మందులోనూ ఒక మెలకువ రాయకుండా వదిలేస్తారు, అది తండ్రి గుండెలోంచి కొడుకు గుండెలోకే పోవాలి. అందుకని ఆయన మందుల వివరాల మీద తెల్లకాగితం కప్పి, పేర్లు మాత్రం గట్టిగా చదివాడు.

"గారీఖూన్."

నికోస్ తల అడ్డంగా ఊపాడు.

"అఫ్తీమూన్. ఉస్తుఖుద్దూస్. ఫితరాసాలియూన్."

ఒక్కో పేరుకూ ఆగి ఆయన మొహంలోకి చూస్తున్నాడు పెద్దాయన. నికోస్ మొహం ఎర్రబడిపోయింది. చిన్నప్పుడే బడి మానేసి ఓడల్లో బాయిలర్లకు బొగ్గేశానని, ఇవన్నీ చదువుకున్నవాళ్ళ మాటలేమోనని చెప్పుకున్నాడు. ఆ మాటలు వెయ్యేళ్ళు ఎన్ని నోళ్ళలో నలిగి వచ్చాయో నాకు తెలుసు. మా తెనాలి మెకానిక్కును పట్టుకుని శృంగబేరమంటే ఏమిటోయ్ అని అడిగితే అల్లం అని చెప్పగలడా? ఇరవై మూడు పేర్లు చదివాడు. ఇరవై మూడింటికీ తల అడ్డంగానే ఊగింది.

ప్రసాదు నా చెవిలో, "ఒక్కదానికి అవునని చెప్పమందామా వదినగారూ?" అన్నాడు. నేను వద్దనేలోపే నికోస్ చెవిలోనూ ఊదేశాడు. నికోస్ పెద్దాయన వంక చూశాడు.

"ఆయన తాత రాసినదాని మీద నేను అబద్ధమాడనా?" అన్నాడు మెల్లగా.

హకీం సాబ్ బయాజ్ మూసి గుడ్డలో చుట్టాడు. "అయిపోయింది బేటా. రేపు వడ్లాయనను రానియ్యి" అన్నాడు. ఖాజా గెలిచాడు, కానీ గెలిచినవాడిలా లేడు. నేనైతే ఏడ్చేశాను, దాచుకోవడమెందుకు.

కానీ ఆ దవాఖానాకు వచ్చినవాణ్ణి నాడి చూడకుండా పంపరు. దుకాణం రేపు ఉన్నా లేకున్నా సరే. హకీం సాబ్ నికోస్ మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"కడుపు. రెండు నెలల సంది. దాంట్ల సగం కారం, సగం ఇంటి మీద బెంగ" అని లేచి, పైసొరుగులోంచి ఒక రేకు డబ్బా తీశాడు. అందులో లేతపసుపు రంగు చిన్న చిన్న బంక ముక్కలు ఉన్నాయి. మస్తగీ రూమీ అని పేరు చెప్పాడు.

"ఇది జాబితాలో చదవలేదే?" అన్నాను.

"గది రూమీ అమ్మా, యునానీ గాదు. మా తాత వేరే పేజీల రాసిండు." రూము అన్నది ఒక దేశం, యునాను ఇంకొకటి అని మూడు తరాలుగా వాళ్ళింట్లో నమ్మకం.

నాలుగు ముక్కలు కల్వంలో వేసి, తడిగుడ్డ మీద పెట్టుకుని, మాకు వీపు తిప్పి కూర్చున్నాడు. మస్తగీని గట్టిగా నూరితే వేడెక్కి రాతికి అతుక్కుపోతుందట, దాన్ని పొడి చేయడంలోనే ఆ వంశపు రహస్యం ఉంది. చిన్నప్పటి నుంచి అలవాటేమో, ఖాజా కూడా చెప్పకుండానే లేచి గడప దాకా పోయి వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

కల్వపు గుండు ఒక్క చుట్టు తిరిగిందో లేదో, గదంతా వాసన లేచింది. దేవదారు వాసనా కాదు, కర్పూరమూ కాదు, వాన వెలిసిన తర్వాత అడవిలోంచి వచ్చే చల్లదనంలాంటిది. నికోస్ లేచి నిలబడ్డాడు. నిద్రలో నడిచేవాడిలా పళ్ళెం దగ్గరికి వెళ్ళి, చక్కెర గిన్నెలోంచి ఒక చిటికెడు తీసుకుని, హకీం సాబ్ భుజం మీదుగా వంగి కల్వంలో వేశాడు.

హకీం సాబ్ చెయ్యి ఆగిపోయింది. ఆయన రెండో చెయ్యి షేర్వాణీ జేబులోంచి అప్పుడే బయటికొస్తోంది. ఆ చేతివేళ్ళ మధ్య కూడా చిటికెడు చక్కెరే ఉంది.

"నీకెవరు చెప్పిండ్రు?" అన్నాడు.

ప్రసాదు ఇంగ్లీషులో అడిగాడు. "మా అమ్మ" అన్నాడు నికోస్. "చక్కెర వెయ్యకపోతే అతుక్కుంటుంది. మస్తీఖా ఇది. మా ఊరిది."

గడప దగ్గరి నుంచి ఖాజా పరుగున వచ్చాడు. "చక్కెరా? గింతేనా అబ్బా? పదేండ్ల పోరన్నప్పటి సంది అడుగుతున్న నిన్ను! నాకు చెప్పని దుకాణం నాకెందుకని కదా షాపు పెడ్తనన్న!" అంటూనే నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "మస్తగీ, మస్తీఖా. పేరు తెలిసింది ఆయనకు. జబాన్ అంటె జబాన్. వడ్లాయనకు నేను పోయి చెప్పొస్త."

హకీం సాబ్ ఆ మాట విన్నట్టే లేదు. నికోస్ రెండు చేతులూ పట్టుకుని వాటిని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

ఆ తర్వాత నికోస్ మాట్లాడుతూనే ఉన్నాడు, ప్రసాదు తెలుగు చేస్తూనే ఉన్నాడు. నికోస్ ఊరు ఖియోస్ అనే గ్రీకు లంకలో ఉంది, హకీం సాబ్ తాత రూము అని రాసుకున్నది ఆ నేలనే. ఆ లంకలో దక్షిణపు కొసనే మస్తగీ చెట్లు ఇలా కన్నీరులా బంక కారుస్తాయట. వేసవిలో మగవాళ్ళు బెరడుకు గాట్లు పెడతారు. చలికాలమంతా ఆడవాళ్ళు బల్లల చుట్టూ కూర్చుని, చిన్న కత్తితో ఒక్కో ముక్కకూ అంటుకున్న బెరడూ మట్టీ గీకి శుభ్రం చేస్తారు. వాళ్ళమ్మ ఏడేళ్ళప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చుంది, ఎనభై దాటినా ఇంకా కూర్చుంటోంది. ఓడల్లో తిరిగే కొడుకును ప్రతిసారీ ఒకటే అడుగుతుందట, "ఇదంతా ఎక్కడికి పోతుందిరా, అవతల ఎవరు తింటారు?" అని. ఆయన ఏ రేవులోనూ జవాబు కనుక్కోలేకపోయాడు.

హకీం సాబ్ లేచి టోపీ పెట్టుకున్నాడు. "ఫోన్ యాడున్నది బేటా?" అన్నాడు ఖాజాతో.

బస్టాండు పక్కన

ఎస్టీడీ డబ్బాలో నలుగురం ఇరుక్కున్నాం, ఖాజా బయట తలుపు పట్టుకుని నిలబడ్డాడు. సాయంత్రం ఎండ అద్దంలోంచి పడుతోంది. అక్కడ ఇంకా మధ్యాహ్నమేనట. నాలుగోసారికి లైను దొరికింది. నికోస్ గబగబా మాట్లాడాడు. నాకు మీతెరా అన్న ఒక్క మాట తెలిసింది, మన మాతకు ఎంతో దగ్గరి చుట్టం అది. తర్వాత అవతలి నుంచి ఆవిడ ఏదో అడిగింది. ఆయన మా వైపు తిరిగి ప్రసాదుకు ఇంగ్లీషులో చెప్పాడు.

"హకీం గారిని ఒకటి అడగమంటోంది" అన్నాడు ప్రసాదు, విని. "అందులో బెరడు ఏమైనా వస్తోందా అని."

హకీం సాబ్ రిసీవరును రెండు చేతులతో అందుకున్నాడు.

"అమ్మా" అన్నాడు. "సాఫ్ ఉన్నది. మా తాత కాలం కెల్లి తెప్పిస్తున్నం. ఒక్క పీచు గూడ రాలేదమ్మా."

ప్రసాదు ఇంగ్లీషులో చెప్పింది విని, తల్లికి తర్జుమా చెయ్యడానికి నికోస్ చెయ్యి చాచాడు. పెద్దాయన రిసీవరు ఇవ్వలేదు. అవతల ఆవిడ ఏదో చెబుతూనే ఉంది, ఈయన కళ్ళు మూసుకుని "హా అమ్మా, హా అమ్మా" అంటూ వింటూనే ఉన్నాడు.